రిలీఫ్ వచ్చేదాకా

అల్ సద్, దోహా
ఏప్రిల్ 10

తమ్ముడు తిరుమల్‌కు,

నా పేరు రామకృష్ణారావు. పోయిన శుక్రవారం ఏషియన్ టౌన్‌లో బస్సు టైరు పేలినప్పుడు నువ్వు చాయ్ దుకాణం బల్ల కిందికి దూరావు చూడు, అప్పుడు నీ పక్కన చొక్కా మీద చాయ్ ఒలకబోసుకున్న బట్టతల మనిషిని నేనే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నువ్వు దూరిన తీరు చూడగానే మనవాడే అని తెలిసిపోయింది. ఆ రోజు నీతో వచ్చిన, మీ తోట నుంచి మా వీధి దుకాణానికి కూరగాయలు తెచ్చే డ్రైవర్ ఖాసీంను అడిగితే, నువ్వు ఫౌజులో నాయక్‌గా చేసి వచ్చావనీ, ఉమ్ సలాల్‌లో అరబ్బు తోటకు కాపలా ఉంటున్నావనీ చెప్పాడు. నేను సుబేదార్‌గా రిటైరై ఇక్కడ ఒక కంపెనీలో సెక్యూరిటీ చూస్తున్నాను.

మాజీ సైనికులం కొందరం శుక్రవారం పొద్దున అదే దుకాణంలో కలుస్తాం. అడిగినవాళ్ళకు పేకాట బ్యాచ్ అని చెప్పుకుంటాం. నిజానికి నిద్ర పట్టనివాళ్ళం, చప్పుడుకు ఉలిక్కిపడేవాళ్ళం, భార్య మీద కారణం లేకుండా అరిచి తర్వాత బాత్రూంలో ఏడ్చేవాళ్ళం. నువ్వూ రా. వచ్చేలోపు నాకు ఉత్తరం రాయి. ఖాసీం ప్రతి గురువారం వస్తాడు కదా, అతని చేతికివ్వు. ఫోన్ వద్దు. ఫోన్‌లో అడిగితే ఫౌజువాడు ఎవడైనా 'సబ్ ఠీక్ సాబ్' అంటాడు. కాలు విరిగి వేలాడుతున్నా అదే అంటాడు. నోటికి ఆ అలవాటు పడిపోయింది, చేతికి ఇంకా పడలేదు.

మా బ్యాచ్‌లో జగిత్యాల నర్సింలు అని ఒకడున్నాడు. ఒకప్పుడు ఇక్కడి లేబర్ క్యాంప్‌లో ఉన్నట్టుండి చాలా నెమ్మదించాడు. కొత్త బూట్లు ఒకరికి, దుప్పటి ఒకరికి, వంటగిన్నెలు ఇంకొకరికి ఇచ్చేశాడు. అందరూ ఎంత మంచివాడో అనుకున్నారు. నేను ఆ మాట విని అదే పూట వెళ్ళి అతని తలుపు బాదాను. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, పేకాటలో నన్నే మోసం చేస్తున్నాడు. ఇది నువ్వూ గుర్తుపెట్టుకో. నిద్రపోని మనిషికి ఉత్తరం రాయొచ్చు. హఠాత్తుగా నెమ్మదించి, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టే మనిషికి ఉత్తరం రాయకూడదు, పరిగెత్తాలి.

భయం పట్టుకున్నప్పుడు ఒక పని చెయ్యి. కాళ్ళు నేలకు గట్టిగా ఆనించి, నీకే వినపడేలా పైకి అను: 'ఇది ఉమ్ సలాల్. ఇది తోట. నేను తిరుమల్. డ్యూటీ దిగాను.' పిచ్చిగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

నీ
రామకృష్ణారావు


ఉమ్ సలాల్
ఏప్రిల్ 17

సుబేదార్ సాబ్‌కు తిరుమల్ నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. సబ్ ఠీక్.

పై మాట అలవాటుగా పడింది. కొట్టేద్దామనుకున్నాను, మీరు నవ్వుకుంటారని అట్లాగే ఉంచాను. మా నిజామాబాద్ మాటలో రాస్తే మీ గోదావరివాళ్ళకు ఎట్లా ఉంటుందోనని బడిలో నేర్చిన భాషలో రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

నాకు పని బాగుంది సాబ్. ఖర్జూరం చెట్లు, కూరగాయల మళ్ళు, మేకలు, నలుగురు పనివాళ్ళు, నేను. తోట యజమాని, మా కఫీల్, మంచివాడు. పొద్దుగూకితే కంచె చుట్టూ తిరుగుతాను. కంచె పొడవునా ఖాళీ పాల డబ్బాలు తీగకు కట్టాను, ఎవరు తగిలినా మోగుతాయి. కఫీల్ చూసి 'జైన్, జైన్' అని మెచ్చుకుని భుజం తట్టాడు. ఇంత మంచి కాపలాదారు ఎక్కడా లేడని పక్క తోటవాళ్ళకు కూడా చెప్పాడట. నేను కాపలా కోసం కట్టలేదని ఆయనకు తెలియదు. అవి లేకపోతే నాకు కన్ను మూతపడదు.

మొన్న ఒక మేక తగిలి డబ్బాలు మోగాయి. కొంచెం గడబిడ అయింది, అంతే.

నా భార్య రాణి ఫోన్ చేస్తే 'దుబాయ్‌ల ఎండలెట్లున్నయి, మొఖం జూపియ్యి' అంటుంది. ఆమెకు ఖతర్ అయినా దుబాయే. నేను కెమెరా ఖరాబైందని చెబుతున్నాను. కళ్ళు చూస్తే పట్టేస్తుంది సాబ్. డాక్టర్ దగ్గరికి పోయి మందులు తింటే కఫీల్‌కు తెలుస్తుంది, వీసా రద్దు చేసి ఇంటికి పంపిస్తాడు. కాబట్టి ఆ మాట మాత్రం అడగవద్దు.

మీ
తిరుమల్


అల్ సద్
మే 8

తమ్ముడు తిరుమల్‌కు,

'కొంచెం గడబిడ అయింది, అంతే' అని రాశావు. నేను ఖాసీంను అడిగాను. నీకు కోపం వస్తే రానీ. ఆ రోజు మేకను తోలుకొస్తున్నది ఖాసీం. నువ్వు ఇనుప రాడ్డు ఎత్తి అతని తల దాకా తెచ్చావు. 'భాయ్, మైఁ ఖాసీం' అని అరిస్తే ఆగావు. ఆ మనిషి నీ మీద కోపంగా లేడు. నీ కోసం భయపడుతున్నాడు. నేనూ భయపడుతున్నాను. ఇంకోసారి నీ చెయ్యి ఆగకపోతే ఖాసీం ప్రాణమూ పోతుంది, నీ బతుకూ పోతుంది, అక్కడ రాణి బతుకు కూడా.

అందుకే నువ్వు అడగవద్దన్న మాటే అడుగుతున్నాను. అల్ సద్‌లో డాక్టర్ నూరైన్ గారున్నారు. హైదరాబాద్ ఆవిడ, నాన్నగారు ఫౌజీ. నర్సింలును చూసింది ఈవిడే. నీ సంగతి మీ కఫీల్‌కు చెప్పదు. మందు చీటీ జేబులో పెట్టుకుని తిరుగు, ఎవరైనా అడిగితే చూపించు. ఇది షుగర్ లాంటిదే, సిగ్గుపడేది కాదు. వచ్చే శుక్రవారం పేకాట కాగానే నేనే తీసుకెళ్తాను. రాకపోతే ఉమ్ సలాల్ వచ్చి మీ కఫీల్ ముందే చెవి పట్టుకుని లాక్కొస్తాను.

మా ఇంట్లో విశేషమేమిటంటే మా ఆవిడ లలితకుమారి హైదరాబాద్ వెళ్ళింది. మా అమ్మాయి చరితకు నెలలు నిండుతున్నాయి. నేను తాత కాబోతున్నాను. ఇల్లంతా నాదే, టీవీ రిమోట్ నాదే. పెద్దగా చూసేదేమీ లేదనుకో. నా ఆరోగ్యం గురించి డాక్టరమ్మ ఎప్పుడూ అడుగుతుంటుంది. సుబేదార్లకు జబ్బులు రావమ్మా, ఇస్తారంతే అని చెప్పాను. నవ్వలేదు ఆవిడ.

నీ
రామకృష్ణారావు


ఉమ్ సలాల్
జూన్ 26

సుబేదార్ సాబ్‌కు నమస్కారాలు.

మొన్న సోమవారం సాయంత్రం ఆకాశంలో మిసైళ్ళు పేలడం మీరూ చూసే ఉంటారు. నేను మేకలకు నీళ్ళు పెడుతున్నాను. ముందు వెలుగు, తర్వాత చప్పుడు. కిటికీ రేకులు అదిరాయి. ఆ చప్పుడు ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. బకెట్ ఎక్కడ పడిందో తెలియదు. నీళ్ళ తొట్టి వెనక నేలకు కరుచుకుని ఉన్నాను. నోట్లో ఇసుక. పక్కనే మా సెక్షన్‌వాళ్ళు పడి ఉన్నట్టే అనిపించింది. పేర్లు పెట్టి పిలిచాను కూడా. ఎవరూ పలకలేదు.

అప్పుడు మీ మాట గుర్తొచ్చింది సాబ్. కాళ్ళు ఇసుకలో కూరాను. ఇది ఉమ్ సలాల్ అన్నాను. మళ్ళీ అన్నాను. ఇది తోట. నేను తిరుమల్. ఖాసీం పాక్కుంటూ వచ్చి నా పక్కన పడుకుని, అతనూ అనడం మొదలుపెట్టాడు. 'యే ఉమ్ సలాల్ హై భాయ్, తూ తిరుమల్ హై.' డ్యూటీ దిగాను అన్న మాట దగ్గర ఏడుపొచ్చింది. అతని భుజం మీద పడి ఏడ్చాను. ఆ మనిషి మీదే కదా నేను రాడ్డు ఎత్తింది.

డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు వదలకుండా వేస్తున్నాను. మొదట్లో నోరు ఎండిపోయేది, ఇప్పుడు సర్దుకుంది. మర్నాడు కెమెరా బాగైందని రాణికి నా ముఖం చూపించాను. ఆమె చూసి 'జర తిండి తిను' అంది. అంతే అంది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మీరు పెద్దవారు, ఇట్లాంటివి ఎన్నో చూసినవారు. మీకు ఆ చప్పుడు ఒక లెక్క కాదని నాకు తెలుసు. మీ దయ వల్లనే నేను నిలబడ్డాను.

మీ
తిరుమల్


అల్ సద్
జులై 10

తమ్ముడు తిరుమల్‌కు,

నీ ఉత్తరం చదివి గర్వపడ్డాను. ఆ పూట నిన్ను నువ్వే బయటికి లాక్కున్నావు. అందులో నా దయ ఏమీ లేదు.

ఆ సాయంత్రం నేను బాల్కనీలో ఉన్నాను. పక్క ఫ్లాట్లవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీదికి పరిగెత్తారు. నేను కదల్లేదు. ధైర్యం కాదు తిరుమల్. నాకేమీ అనిపించలేదు. వెలుగు ఆరిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాను. చరితకు కొడుకు పుట్టాడని ఫోన్ వచ్చినప్పుడు కూడా అంతే, ఏమీ అనిపించలేదు. సంతోషం అని చెప్పాను. చెప్పాలి కదా.

ఆ చప్పుడు తర్వాత ఇస్హాక్ బాగా గుర్తొస్తున్నాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇస్హాక్ నా జోడీ. కర్నూలు మనిషి. మంచుకొండ మీద పోస్టులో ఒకే స్టవ్ పక్కన పడుకునేవాళ్ళం. పోస్టు మారే పద్ధతి నీకూ తెలుసు. తన చోట నిలబడే మనిషి, రిలీఫ్, రాకుండా సంత్రీ కదలడు. వచ్చినవాడు ముందు రిపోర్ట్ అడగాలి. వచ్చింది నిన్న చేరిన జవాన్ అయినా, దిగేది సుబేదారే అయినా సరే, అడిగితే చెప్పి తీరాలి. ఆ ఒక్కచోటే ఫౌజులో చిన్నవాడు పెద్దవాణ్ణి అడగొచ్చు. ఆ రోజు ఇస్హాక్ వంతు. నేను రిలీఫ్‌కు బయలుదేరేలోపే మంచు విరిగిపడింది. వెళ్ళేసరికి పోస్టే లేదు. అతన్ని వెతికి తీశాం, ఇంటికి చేర్చాం, అన్నీ చేశాం. వాళ్ళమ్మ అతని గడియారం నా చేతికే కట్టింది. అయినా అతన్ని ఎవరూ దింపలేదనే అనిపిస్తుంది. ఇంకా అక్కడే నిలబడి నా కోసం చూస్తున్నాడనిపిస్తుంది.

సరేలే. ఖాసీం చేతికి నా ఫౌజు కంబళి ఇస్తున్నాను. మీ తోటలో చలికాలం గాలి గట్టిగా ఉంటుందట. ఉంచుకో.

నీ
రామకృష్ణారావు


ఉమ్ సలాల్
ఆగస్టు 7

సుబేదార్ సాబ్‌కు నమస్కారాలు.

కంబళి అందింది. పోయిన వారం మీ ట్రాన్సిస్టర్ కూడా అందింది. ఈ ఎండల్లో కంబళి ఏమిటని ఖాసీం నవ్వాడు. నేను మడత విప్పకుండా తలకింద పెట్టుకుంటున్నాను. నా సర్వీసు మొత్తంలో ఒక్క సుబేదారూ నాకు తన సొంత వస్తువు ఇవ్వలేదు సాబ్. శభాష్ అన్నవాళ్ళున్నారు గానీ ఇచ్చినవాళ్ళు లేరు. రాణికి చెబితే 'నువ్వు బాగైనవని ఇనాం ఇచ్చిండు' అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

మీకు ఇంకొక మంచి మాట. కంచె డబ్బాలు సగం విప్పేశాను. డాక్టరమ్మ ఒక్కసారిగా వద్దంది, వారానికి కొన్ని చొప్పున విప్పమంది. కఫీల్ ఎందుకు తీస్తున్నావని అడిగితే మేకలు బెదురుతున్నాయని చెప్పాను. మొన్న మధ్యాహ్నం చెట్టు కింద కునుకు పట్టింది. ఎవరో గేటు వేసిన చప్పుడుకు లేచాను, కానీ లేచి కూర్చున్నానంతే. చేతికి రాడ్డు తీసుకోలేదు.

ఇస్హాక్ సాబ్ గురించి చదివి మనసు కలుక్కుమంది. చిన్నవాణ్ణి, మీకు చెప్పేంతటివాణ్ణి కాను.

రెండు శుక్రవారాలుగా మీరు రాలేదు. నర్సింలన్న పేక పత్తాలు పంచాడు. ఆఫీసు పని ఎక్కువైందట కదా.

మీ
తిరుమల్


అల్ సద్
ఆగస్టు 28

తమ్ముడు తిరుమల్‌కు,

ఈ ఉత్తరంతో ఇస్హాక్ గడియారం పంపుతున్నాను. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి, లేకపోతే వెనకబడుతుంది. పట్టీ కొత్తది వేయించాను.

శుక్రవారం బ్యాచ్ ఇక నువ్వు చూసుకో. నర్సింలు మంచివాడే గానీ ఎవరైనా ఏడిస్తే తనూ ఏడుస్తాడు. నువ్వు ఆగగలవు. కొత్తగా వచ్చేవాళ్ళకు ముందు చాయ్ ఇప్పించు, తర్వాతే మాట్లాడించు. చెప్పమని తొందరపెట్టకు. పక్కన కూర్చుంటే చాలు, వాళ్ళే చెబుతారు.

లలిత వస్తానంటే, పసివాడు కాస్త పెద్దయ్యేదాకా అక్కడే ఉండమన్నాను. ఇల్లు సర్దాను. ఆఫీసులో తాళాలన్నీ అప్పజెప్పాను. చాలాకాలం తర్వాత మనసు తేలికగా ఉంది. నిన్న హాయిగా నిద్ర పట్టింది. ఇస్హాక్ ఇన్నాళ్ళూ ఒక్కడే నిలబడ్డాడు పాపం. ఎవరో ఒకరు వెళ్ళి దింపాలి కదా.

వచ్చే గురువారం ఉత్తరం రాయనక్కర లేదు. నువ్వు బాగుపడ్డావు. నాకది చాలు.

రామకృష్ణారావు


అల్ సద్, మీ తలుపు బయట
ఆగస్టు 29, శుక్రవారం

సాబ్,

నేను తిరుమల్‌ను. మీ తలుపు ముంగటనే కూసొని రాస్తున్న, కొట్టినా తీస్తలేరని కాయితం తలుపు కిందికెల్లి తోస్తున్న. బడి భాష యాదికొస్తలేదు, మా మాటల్నే రాస్తున్న, సదువుకోండ్రి.

నిన్న మీ గడియారం ముట్టింది. సంబురపడ్డ సాబ్. సుబేదార్ నన్ను పెద్ద జేసిండని ఖాసీంకు జూపిచ్చుకున్న. ఇప్పుడు తలుసుకుంటే సిగ్గయితంది. పొద్దుగాల చాయ్ దుకాణానికి వోతే నర్సింలన్న కాళ్ళకు మీ బూట్లున్నయి. 'ఇవి యాడియన్నా' అంటే 'సాబ్ ఇచ్చిండు' అన్నడు. అంటనే నా చెయ్యి దిక్కు జూసిండు. గడియారం జూసిండు. చేతిల పత్తాలు కిందవడ్డయి. 'అరే తిరుమల్, నేను గూడ గప్పుడు గిట్లనే పంచిన్రా' అన్నడు. చాయ్ ఆడనే ఇడిసిపెట్టి ఉరికినం.

పంచిపెట్టెటోనికి ఉత్తరం రాయొద్దు, ఉరకాలె అని మీరే మొట్టమొదలు రాసిండ్రు. నా కండ్ల ముంగట కంబళి వచ్చె, ట్రాన్సిస్టర్ వచ్చె, గుడ్డోని లెక్క ఇనాం అనుకుంటి. మీకు జబ్బెట్లొస్తదనుకుంటి. ఇన్ని నెలలల్ల ఒక్కపారన్న 'సాబ్, మీరెట్లున్నరు' అని అడగలే. చిన్న ర్యాంకోడు పెద్దోన్ని అడగొద్దని మనకు నేర్పిండ్రు. గా నేర్పుడు మీద మన్నువడ.

లోపట మీ ఫోన్ మోగుతంటే నాకు ఇనవడుతంది. మీ నడక గూడ ఇనవడ్డది. అంటే ఉన్నరు. దేవునికి దండం. లలితమ్మకు ఫోన్ జేసిన, ఆమె లైన్ల ఉండి ఏడుస్తంది. డాక్టరమ్మ బయలెల్లింది. నర్సింలన్న బిల్డింగ్ కాపలాకున్న నాతూర్‌ను పట్టుకొని ఇంకో తాళం అడుగుతున్నడు. గని మీ చేతులతోని మీరే తీస్తే మంచిగుంటది.

రిలీఫ్‌కు వచ్చినోడు అడగొచ్చు, సుబేదారైనా సెప్పాలె అని రాసిండ్రు. నేను రిలీఫ్‌కు వచ్చిన సాబ్. రిపోర్ట్ ఇయ్యండ్రి.

తిరుమల్


తలుపు లోపల

తిరుమల్, నువ్వు వచ్చావు, సంతోషం. కొంచెం జ్వరంగా ఉంది, పడుకున్నాను. సబ్ ఠీక్. లలితను కంగారుపెట్టకండి. నర్సింలును తీసుకుని వెళ్ళిపో. ఇది ఆర్డర్.

రామకృష్ణారావు


తలుపు బయట

సాబ్, ఆర్డర్ మాఫీ. నేను పోను.

సబ్ ఠీక్ అనుడు నోటికి అలవాటు, చేతికి ఇంక పడలేదన్నరు. మీ చేతికి గూడ పడ్డదా? నిన్న తాళాలప్పజెప్పిన, ఇల్లు సర్దిన అని రాసింది గూడ గా చెయ్యే సాబ్.

ఇస్హాక్ సాబ్‌ను దింపుడు మీ డ్యూటీ గాదు. ఆయన గడియారం నా చేతికున్నది. ఆయన పోస్టు నేను తీస్కున్న. ఆయన దిగిండు. ఇంక ఆడ ఎవ్వరు నిలవడి లేరు, మీరు వోవలసిన పని లేదు.

కాళ్ళు నేలకు ఆనియ్యుండ్రి. నాతోని అనుండ్రి, నేను తలుపుకు చెవివెట్టి ఇంటున్న. ఇది అల్ సద్. ఇది మా ఇల్లు. నేను రామకృష్ణారావు. డ్యూటీ దిగిన.

తిరుమల్


తలుపు లోపల

తిరుమల్‌కు,

అన్నాను. చివరి మాట నోట రాలేదు. రాసి చూస్తున్నాను.

రిపోర్ట్. సబ్ ఠీక్ లేదు. చాలాకాలంగా లేదు. మీ అందరి ఉత్తరాలూ చదివి జవాబు రాశాక, నాది ఎవరికి రాయాలో తెలియలేదు. నాకు కూడా రిలీఫ్ వస్తుందని అనుకోలేదు. పోస్టు నీకు అప్పగిస్తున్నాను. డ్యూటీ దిగాను.

గడియ తీశాను. లోపలికి రండి. ఆ బూట్లు మాత్రం బయటే విప్పమను నర్సింలును, లలిత ఒప్పుకోదు.

రామకృష్ణారావు